12 ఏళ్ళ తర్వాత మళ్ళీ కోడింగ్‌లోకి వస్తున్నా, పాత జావాతోనే మొదలెట్టాలా లేక కొత్త లాంగ్వేజ్ పట్టుకోవాలా?

మళ్ళీ_మొదలు

అందరికీ నమస్తే. పోస్ట్ కొంచెం పెద్దదైంది, ఓపిగ్గా చదవండి ప్లీజ్.

నేను 2006 నుంచి 2013 దాకా జావాలో పనిచేశా. జావా 5, 6, వెబ్‌సైట్లకి సర్వర్ వైపు కోడ్ రాసే సర్వ్‌లెట్లు, జేఎస్‌పీ, స్ట్రట్స్, వెనకాల డేటాబేస్‌కి ఎస్‌క్యూఎల్, కోడంతా దాని మార్పులన్నీ దాచిపెట్టే ఎస్‌వీఎన్‌లో, ఇదే నాకు తెలిసిన ప్రపంచం. తర్వాత పిల్లలు, వాళ్ళు కాస్త పెద్దయ్యారు అనుకునేసరికి అత్తయ్యగారికి ఒంట్లో బాగోకపోవడం, అలా ఒకదాని వెనక ఒకటి. మానేసేటప్పుడు ఒక్క ఏడాదే అనుకున్నా, 12 ఏళ్ళు అయిపోయాయి. ఇప్పుడు రోజుకి రెండు గంటలు ఇవి నావి అని చెప్పుకోగలిగే టైమ్ దొరికింది. ఉద్యోగం వస్తే సంతోషమే, కానీ దానికంటే ముందు నాకు ఆ పనంటే ఇష్టం. ఎక్కడ తప్పుందో తెలీక గంటలకొద్దీ వెతికి వెతికి చివరికి అది దొరికినప్పుడు ఉంటుంది చూడండి, అలాంటి ఆనందం ఇన్నేళ్ళలో నాకు ఇంకెక్కడా దొరకలేదు.

నెల క్రితం మొదలెట్టా. తెలిసిన దారిలోనే వెళ్దామని చిన్న సర్వ్‌లెట్ ఒకటి రాద్దామనుకుని దాన్ని నడిపే సర్వర్ టామ్‌క్యాట్ 10 దించుకున్నా, ఒక పాత పాఠం ముందు పెట్టుకుని అక్షరం పొల్లుపోకుండా రాశా, కంపైల్ చేస్తే జావాఎక్స్ డాట్ సర్వ్‌లెట్ అనే ప్యాకేజీయే లేదంటుంది. నేను రోజూ వాడిన ప్యాకేజీ అది! రెండు రోజులు క్లాస్‌పాత్‌లు మారుస్తూ కూర్చున్నా, ఏం చేసినా అదే ఎర్రర్. సరే ఇది వదిలేసి జావాస్క్రిప్ట్ చూద్దాం అని ఒక వీడియో పెడితే, నోడ్ పెట్టుకోండి, ఎన్‌పీఎమ్ అందులోనే వస్తుంది, టైప్‌స్క్రిప్ట్ వేసుకోండి, రియాక్ట్ వేసుకోండి, ఇంకేదో బండ్లర్ అంట, అరగంట గడిచినా స్క్రీన్ మీద ఒక్క అక్షరం రాలేదు నాకు. ఆ రోజు లాప్‌టాప్ మూసేసి నాలుగు రోజులు దాని జోలికి పోలేదు.

నా ప్రశ్నలు ఇవీ. జావాలో ఇన్నేళ్ళలో ఏం మారిందో నేర్చుకోవడం మేలా, లేక పైథాన్ లాంటిది కొత్తగా మొదలెట్టడం మేలా, గో అంటున్నారు రస్ట్ అంటున్నారు ఎవరి మాట వినాలి? రెండోది, ఫర్ లూప్ రాస్తుంటే చేతులు వాటంతటవే రాసేశాయి గానీ ఇంటర్‌ఫేస్‌కీ ఆబ్‌స్ట్రాక్ట్ క్లాస్‌కీ తేడా ఏంటని నన్ను నేనే అడిగితే జవాబు రాలేదు, పోయినట్టేనా అదంతా? మూడోది, ఇప్పుడు కోడ్ ఏఐ రాసేస్తోంది కదా నువ్వు నేర్చుకుని ఏం చేస్తావ్ అని ఇంట్లోవాళ్ళే అంటున్నారు, దానికి ఏం చెప్పాలో నాకు తెలీట్లేదు.

సెమీకోలన్

ముందు మీ సర్వ్‌లెట్ సంగతి తేల్చేద్దాం, ఎందుకంటే అందులో మీ తప్పు ఇసుమంతైనా లేదు. జావా ఎంటర్‌ప్రైజ్ ఎడిషన్ ఎక్లిప్స్ ఫౌండేషన్ చేతికి వెళ్ళాక దాని పేరు జకార్తా అయింది, 2020లో ప్యాకేజీల పేర్లు కూడా మార్చేశారు, జావాఎక్స్ డాట్ సర్వ్‌లెట్ కాస్తా జకార్తా డాట్ సర్వ్‌లెట్ అయింది. టామ్‌క్యాట్ 9 వరకు పాత పేరు, 10 నుంచి కొత్త పేరు. ఇంపోర్ట్ లైన్లలో ఆ ఒక్క ముక్క మార్చండి, మీ కోడ్ నడుస్తుంది. జావాలో వెబ్ అప్లికేషన్లు కట్టే స్ప్రింగ్ బూట్ కూడా 3 నుంచి ఇదే దారి, పైగా దానికి కనీసం జావా 17 ఉండాలి. అందుకే ఏ పాఠం చూసినా ముందు అది ఏ సంవత్సరంలో రాసిందో, ఏ వెర్షన్‌కి రాసిందో చూడండి, గ్యాప్ తర్వాత వచ్చేవాళ్ళ టైమ్ సగం ఇక్కడే పోతుంది, నాకూ పోయింది.

నేను 9 ఏళ్ళు దూరంగా ఉండి వచ్చా. నా మాట అయితే జావాతోనే మొదలెట్టండి. ఎందుకంటే మీకు ఇప్పుడు కావాల్సింది కొత్త లాంగ్వేజ్ కాదు, మీ చేతుల మీద మీకు నమ్మకం. తెలిసిన లాంగ్వేజ్‌లో ఎర్రర్ వస్తే ఇది కొత్తగా మారిన విషయమా నేను మర్చిపోయిన విషయమా అని విడదీసి చూడగలరు, కొత్త లాంగ్వేజ్‌లో ఆ రెండూ కలగాపులగమైపోయి మొత్తం నాకే రాదు అనిపిస్తుంది.

మారింది చాలానే ఉంది గానీ భయపడేంత లేదు. 2014లో జావా 8 వచ్చింది చూడండి, అసలు మార్పు అక్కడ. లాంబ్డాలు అంటే పేరు లేని చిన్న ఫంక్షన్లు, స్ట్రీమ్స్ అంటే లిస్టు మీద వరుసగా పనులు చేయించే పద్ధతి, ఇంకా కొత్త తేదీల లైబ్రరీ. మీరు కంపారేటర్ కోసం పేరు లేని క్లాస్ ఒకటి రాసి అందులో మెథడ్ రాసి ఐదారు లైన్లు నింపేవాళ్ళు కదా, ఇప్పుడది ఒక్క లైను. క్యాలెండర్ క్లాస్‌లో జనవరి అంటే 0 అని గుర్తుందా? కొత్త లైబ్రరీలో జనవరి అంటే 1, పైగా ఆబ్జెక్ట్ ఒకసారి తయారయ్యాక మారదు. 7లోనే ఇంకోటి వచ్చింది, కనెక్షన్, స్టేట్‌మెంట్, రిజల్ట్‌సెట్ మూడింటినీ ఫైనలీ బ్లాక్‌లో ఒక్కోదానికి ఒక్కో ట్రై పెట్టి మూసేవాళ్ళం, ఇప్పుడు ట్రై పక్కన బ్రాకెట్లలో తెరిస్తే అవే మూసుకుంటాయి. నేను వచ్చిన కొత్తలో ఆ ఒక్కటి చూసి ఎంతసేపు అలా కూర్చుండిపోయానో.

ఆ తర్వాత 10లో వార్ వచ్చింది, అంటే వేరియబుల్ టైపు మనం రాయక్కర్లేదు, 14లో స్విచ్ విలువ తిరిగిచ్చేలా మారింది, 15లో చాలా లైన్ల స్ట్రింగులు, 16లో రికార్డులు. రికార్డ్ అంటే గెటర్లు, ఈక్వల్స్, హ్యాష్‌కోడ్, టూస్ట్రింగ్ అన్నీ అదే ఇచ్చే చిన్న క్లాస్, మనం 60 లైన్లు రాసేది ఒక్క లైనులో అయిపోతుంది. 2017లో 9 వచ్చినప్పట్నుంచీ 6 నెలలకో వెర్షన్ వస్తోంది కాబట్టి నంబర్ చూసి కంగారుపడొద్దు, ఎక్కువకాలం సపోర్ట్ ఉండేవి 17, 21, 25, వాటిలో ఒకటి వేసుకోండి. మాడ్యూల్స్, వర్చువల్ థ్రెడ్స్ జోలికి ఇప్పుడే పోకండి.

మర్చిపోవడం గురించి అడిగారు కదా. 1885లోనే ఎబింగ్‌హౌస్ అనే ఆయన తన జ్ఞాపకశక్తి మీద తానే ప్రయోగాలు చేసి రాశాడు, పూర్తిగా మర్చిపోయాం అనుకున్నది కూడా రెండోసారి నేర్చుకుంటే మొదటిసారి కంటే తక్కువ టైమ్‌లో వస్తుందని. నా విషయంలో అది అక్షరాలా నిజమైంది, ఇంటర్‌ఫేస్ అంటే ఏంటో పుస్తకంలో చదివితే ఎక్కలేదు, ఒకటి రాయాల్సి వచ్చినప్పుడు పది నిమిషాల్లో అన్నీ గుర్తొచ్చాయి. నిర్వచనాలు అడిగి మిమ్మల్ని మీరు పరీక్షించుకోకండి, ఏదైనా కట్టండి.

నీలి_టెర్మినల్

సెమీకోలన్ గారు చెప్పినదాంట్లో తప్పు పట్టడానికేం లేదు గానీ నేను ఇంకోలా చెప్తా. మీకున్నది రోజుకి రెండు గంటలు. ఆ రెండు గంటల్లో ఏదో ఒకటి పనిచేసి కనపడాలి, లేకపోతే మళ్ళీ నాలుగు రోజులు లాప్‌టాప్ మూసేస్తారు, మీరే రాశారు. అందుకే నేను పైథాన్ అంటా. ఒక ఫైల్ చదివి, లెక్కేసి, జవాబు చూపించడానికి పది పదిహేను లైన్లు చాలు, ప్రాజెక్ట్ సెటప్ లేదు, బిల్డ్ టూల్ లేదు. జావా తెలిసినవాళ్ళకి సింటాక్స్ వారం పని.

కానీ జావా అలవాట్లు రెండు మూడు చోట్ల అడ్డుపడతాయి, అవి ముందే చెప్పేస్తా. జావాలో రెండు స్ట్రింగుల మధ్య డబుల్ ఈక్వల్స్ పెడితే రెండూ ఒకే ఆబ్జెక్టా అని చూస్తుంది, అక్షరాలు పోల్చాలంటే ఈక్వల్స్ పిలవాలి. పైథాన్‌లో డబుల్ ఈక్వల్స్ విలువల్నే పోలుస్తుంది, ఒకే ఆబ్జెక్టా అని అడగాలంటే ఇజ్ వాడాలి, అంటే మీకు గుర్తున్నదానికి సరిగ్గా తలకిందులు. ఇంకోటి, ఫంక్షన్ పారామీటర్‌కి డిఫాల్ట్‌గా ఖాళీ లిస్ట్ పెట్టకండి, ఆ లిస్ట్ ఫంక్షన్ డిఫైన్ చేసినప్పుడు ఒక్కసారే తయారవుతుంది, పిలిచిన ప్రతిసారీ అదే లిస్ట్‌లో పాతవి పేరుకుపోతుంటాయి. దీని దగ్గర పడనివాళ్ళు ఎవరూ నాకు తెలీదు. అలాగే ప్రింట్ పక్కన బ్రాకెట్లు లేని పాఠం కనిపిస్తే అది పైథాన్ 2 కాలంనాటిది, మూసేయండి, 2020 జనవరి 1తో దానికి సపోర్ట్ ఆగిపోయింది. అందులో 3ని 2తో భాగిస్తే 1 వచ్చేది, ఇప్పుడు 1.5 వస్తుంది, ఇలాంటి తేడా ఎర్రర్ ఇవ్వదు, తప్పు జవాబు ఇచ్చి ఊరుకుంటుంది, అందుకే ప్రమాదం.

నాకు ఒక అలవాటుంది, ఏ కొత్త లాంగ్వేజ్ మొదలెట్టినా ముందు తెలుగు అనే మాటని స్ట్రింగ్‌లో పెట్టి దాని పొడవెంత అని అడుగుతా. పైథాన్ 3 అయితే 6 అంటుంది, త, ఎత్వం, ల, కొమ్ము, గ, కొమ్ము, ఇలా ఒక్కో కోడ్‌పాయింట్, అంటే యూనికోడ్‌లో విడి నంబర్ ఉన్న ఒక్కో గుర్తు, లెక్కపెడుతుంది. జావా కూడా 6 అంటుంది, అది లెక్కపెట్టేది యూటీఎఫ్ 16 అనే పద్ధతిలో దాచిన ముక్కల్ని అయినా ఇక్కడ అదే వస్తుంది. గో, రస్ట్ రెండూ 18 అంటాయి, అవి లెక్కపెట్టేది బైట్లని, యూటీఎఫ్ 8 అనే పద్ధతిలో ఆ ఆరింటిలో ప్రతిదీ 3 బైట్లు కాబట్టి. స్విఫ్ట్ మాత్రం 3 అంటుంది, తె, లు, గు. ఒకే ప్రశ్నకి మూడు జవాబులు, మూడూ కరెక్టే. ఆ లాంగ్వేజ్ కట్టినవాళ్ళు స్ట్రింగ్ అంటే ఏమనుకున్నారో ఆ ఒక్క అంకెలో తెలిసిపోతుంది. సింటాక్స్ గుర్తుపెట్టుకోవడం కంటే ఇలాంటి ప్రశ్నలు పట్టుకెళ్ళి ఒక్కో లాంగ్వేజ్‌ని అడగడం నాకు బాగా పనికొచ్చింది.

గో, రస్ట్ ఇప్పుడొద్దు. జావాస్క్రిప్ట్ అయితే బ్రౌజర్‌లోనే ఉంది, ఒక హెచ్‌టీఎమ్‌ఎల్ ఫైల్, అందులో ఒక స్క్రిప్ట్ ట్యాగ్, అంతే చాలు మొదలెట్టడానికి, ఆ వీడియోలో చెప్పిన సరంజామా ఏదీ అక్కర్లేదు. మీరు మానేసిన తర్వాత 2015లో లెట్, కాన్స్ట్, యారో ఫంక్షన్లు, ప్రామిస్‌లు వచ్చాయి, 2017లో అసింక్ అవెయిట్ వచ్చింది, అవి చాలు ప్రస్తుతానికి. టైప్‌స్క్రిప్ట్ మాత్రం మీకు తర్వాత సులువుగా వస్తుంది, జావాలో టైపులు రాసిన చేయి కదా.

కార్డుల_కట్ట

అమ్మా, నా వయసు 66. మీ పోస్ట్ చూసి రాయకుండా ఉండలేకపోయాను.

నేను ఫోర్ట్రాన్‌తో మొదలెట్టాను, పంచ్ కార్డుల మీద. కార్డుకి 80 కాలమ్స్, మొదటి 5 లేబుల్‌కి, ఆరోది ఇది పై లైనుకి కొనసాగింపు అని చెప్పే గుర్తుకి, 7 నుంచి 72 లోపలే కోడ్ పట్టాలి. తర్వాత సీలో పదేళ్ళు. 1998లో ఆఫీసు పాలనా పనుల్లోకి మార్చారు, రిటైరయ్యేదాకా ఒక్క లైను కోడ్ రాయలేదు. రిటైరయ్యాక రస్ట్ మొదలెట్టాను. మీరు రస్ట్ నేర్చుకోండి అని చెప్పడానికి కాదు ఇది, నీలి_టెర్మినల్ గారన్నట్టు మీకది ఇప్పుడు అక్కర్లేదు. నాకు అక్కడ ఏం జరిగిందో చెప్తాను, మీ రెండో ప్రశ్నకి అదే జవాబు.

మొదటి నెల నరకం. రస్ట్‌లో ఒక విలువకి ఒక్కరే ఓనరు, స్ట్రింగ్ లాంటిది ఇంకో వేరియబుల్‌కి ఇచ్చేశాక పాత పేరుతో ముట్టుకోనివ్వదు. చూడడానికి మాత్రమే అయితే ఎంతమందికైనా అరువివ్వచ్చు, మార్చడానికైతే ఒక్కరికే, ఆ సమయంలో చూసేవాళ్ళు కూడా ఉండకూడదు. ప్రతి పది లైన్లకీ కంపైలర్ ఆపేసేది. నా బుర్ర ఇక పనికిరాదేమో, వయసైపోయింది, అని నిజంగానే బాధపడ్డాను.

ఒకరోజు ఒక వెక్టర్‌లో, అంటే పెరుగుతూ పోయే లిస్టులో, మొదటి ఎలిమెంట్‌కి రెఫరెన్స్ పట్టుకుని, అది చేతిలో ఉండగానే అదే వెక్టర్ చివర ఇంకోటి పుష్ చేయబోయాను. ఒప్పుకోలేదు. ఎందుకు ఒప్పుకోదు అని మెసేజ్ మళ్ళీ మళ్ళీ చదువుతుంటే సీలో పనిచేసే రోజుల్లో మూడు వారాలు నా ప్రాణం తీసిన బగ్ ఒకటి గుర్తొచ్చింది. అక్కడ రీఅలాక్‌తో మెమరీ పెంచాం, చోటు చాలక ఆ బ్లాక్ మొత్తం వేరే అడ్రస్‌కి వెళ్ళిపోయింది, ఇంకో ఫైల్‌లో ఎవరో పాత పాయింటర్ దాచుకుని దాంట్లోనే రాస్తున్నారు. పదిసార్లకి ఒకసారి క్రాష్, మిగతా తొమ్మిదిసార్లు మామూలుగానే నడిచేది. రస్ట్ నన్ను ఆపింది సరిగ్గా అక్కడే! పుష్ చేస్తే వెక్టర్ కదలొచ్చు, నా చేతిలో ఉన్న రెఫరెన్స్ ఉత్తదైపోవచ్చు. మేం పదేళ్ళు తలలో పెట్టుకుని జాగ్రత్తగా పాటించిన నియమాల్నే ఆ కంపైలర్ నాకు తిరిగి చెప్తోంది. ఆ రోజు నుంచి దాంతో పోట్లాట మానేశాను. చూశారా, నేనేమీ మర్చిపోలేదు, కొత్త పేర్ల కింద పాతది నాకు కనపడలేదు అంతే.

మీకూ అదే జరుగుతుంది. లాంబ్డా కొత్తగా ఉందా, లిస్ప్‌లో 1958 నుంచే ఉంది ఆ ఆలోచన. జావాలో మీరు మెమరీ గురించి పట్టించుకోకుండా రాసేవారు కదా, ఆ గార్బేజ్ కలెక్షన్ కూడా మొదట లిస్ప్ కోసం దాన్ని తయారుచేసిన మెకార్తీ చేసిందే. టర్బో పాస్కల్ కంపైలర్ రాసిన హెల్స్‌బర్గే తర్వాత సీ షార్ప్‌కి డిజైనర్, 2012లో వచ్చిన టైప్‌స్క్రిప్ట్ వెనకా ఆయనే. లాంగ్వేజ్‌లన్నీ చుట్టాలే అమ్మా, ఒకరింట్లో కొన్నేళ్ళు ఉన్నవారికి ఇంకొకరింట్లో ఏది ఎక్కడుంటుందో కాసేపట్లో తెలిసిపోతుంది.

ఏం కడతారో ఆలోచించారా? దాన్ని బట్టే మిగతావి తేలతాయి.

మళ్ళీ_మొదలు

బాబాయిగారూ, మీ పోస్ట్ రెండుసార్లు చదివాను, చాలా థాంక్స్. సెమీకోలన్ గారూ, ఇంపోర్ట్ మార్చగానే నడిచిందండీ, కళ్ళల్లో నీళ్ళొచ్చాయి.

ఏం కట్టాలి అంటే ఒకటుంది. అత్తయ్యగారికి 8 రకాల మందులు. కొన్ని రోజుకి రెండు, కొన్ని ఒకటి, ఒకటైతే రోజు విడిచి రోజు. ఏ మందు ఏ రోజుతో అయిపోతుందో నేను నోట్‌బుక్‌లో చేత్తో లెక్కేసి రాస్తుంటా, రెండుసార్లు లెక్క తప్పి ఆఖరి నిమిషంలో పరుగెత్తాల్సొచ్చింది. ఆ లెక్క ప్రోగ్రామ్‌తో చేయించాలని ఉంది. మరీ చిన్నదేమో, ఇది ప్రాజెక్ట్ అనిపించుకుంటుందా?

గిట్_నేస్తం

ఖచ్చితంగా అనిపించుకుంటుంది, తేదీలున్న ప్రోగ్రామ్ ఏదీ చిన్నది కాదండీ. జావాలోనే చేయండి, ఇందులో రికార్డులు వస్తాయి, తేదీలు వస్తాయి, స్ట్రీమ్స్ వస్తాయి, దాచుకోవడానికి ఎస్‌క్యూలైట్ అనే చిన్న డేటాబేస్ పెట్టుకుంటే మీ ఎస్‌క్యూఎల్ మళ్ళీ బయటికొస్తుంది. పాతికేళ్ళ కింద రాసిన సెలెక్ట్ క్వెరీ ఇవాళ్టికీ నడుస్తుంది, మీకున్న వాటిలో తుప్పు పట్టనిది అదొక్కటే.

మొదటి రోజు నుంచే గిట్‌లో పెట్టండి, ఎస్‌వీఎన్ చేసే పనే ఇప్పుడు ఇది చేస్తుంది. ఎస్‌వీఎన్ నుంచి వచ్చేవాళ్ళు తికమకపడేది ఒక్క చోటే. అక్కడ కమిట్ చేస్తే, అంటే మార్పుని భద్రపరిస్తే, అది సర్వర్‌కి వెళ్ళిపోయేది, అందరికీ కనిపించేది, కాబట్టి భయపడి భయపడి చేసేవాళ్ళం. గిట్‌లో కమిట్ మీ మెషీన్‌లోనే ఉంటుంది, పుష్ చేస్తేనే బయటికి వెళ్తుంది. అందుకని పావుగంటకొకటి చేసుకున్నా ఎవరికీ ఇబ్బంది లేదు. కమిట్ చేసింది పోగొట్టుకోవడం కూడా చాలా కష్టం, బ్రాంచ్ చెడిపోయిందనిపిస్తే రెఫ్‌లాగ్ చూడండి, మీరు ఎక్కడెక్కడ ఉన్నారో అన్నీ అందులో ఉంటాయి.

ఏఐ గురించి ఎవరూ రాయలేదు కాబట్టి నేను రాస్తా. నేను రోజూ వాడతా. కానీ నేర్చుకునే దశలో ఉన్నవాళ్ళకి నేను చెప్పేది, ముందు మీరు రాయండి, అది తప్పైనా సరే, ఆ తర్వాత చూపించి ఇందులో లోపాలేంటి, జావా 21లో అయితే ఎలా రాస్తారు అని అడగండి. ముందే అడిగి తీసుకుంటే కోడ్ వస్తుంది గానీ చేయి తిరగదు. ఎర్రర్ మెసేజ్ అర్థం కానప్పుడు వివరించమని అడగడానికైతే చాలా బావుంటుంది, మనం మొదలెట్టిన రోజుల్లో అలా పక్కన కూర్చుని చెప్పేవాళ్ళు ఎంతమందికి దొరికారు? అయితే అది ఎంత ధీమాగా చెప్తుందో అంత ధీమాగానే తప్పు కూడా చెప్తుంది, అసలు లేని మెథడ్‌ని ఉన్నట్టు రాసిన సందర్భాలు నేనే చూశా. అది ఇచ్చింది కరెక్టో కాదో చెప్పగలిగే మనిషి ఒకరు ఉండాలి కదా, ఇంట్లోవాళ్ళు అడిగితే అదే చెప్పండి.

మళ్ళీ_మొదలు

మూడు వారాలైంది, ఏం జరిగిందో చెప్పాలని వచ్చాను.

ప్రోగ్రామ్ పనిచేస్తోంది! జావా 21, ఎస్‌క్యూలైట్, కోడంతా గిట్‌లో, ఇప్పటికి 41 కమిట్లు. మందుకి ఒక రికార్డ్, పేరు, మొదలెట్టిన తేదీ, ఎన్ని మాత్రలున్నాయి, ఎన్ని రోజులకి ఒకసారి. ఈక్వల్స్, హ్యాష్‌కోడ్ రాయకుండా ఒక క్లాస్ పూర్తవడం నాకింకా వింతగానే ఉంది. మందుల పేర్లు తెలుగులో పెట్టి వరుసగా ప్రింట్ చేస్తే కాలమ్స్ వంకరగా వచ్చాయి, ఎందుకా అని రెండు నిమిషాలు చూసి నీలి_టెర్మినల్ గారి 6, 18, 3 గుర్తొచ్చి నేనే పట్టుకున్నా. ఎత్వాలకీ కొమ్ములకీ విడిగా చోటు లెక్కేస్తోంది అది, అక్షరం పక్కన కాకుండా దానికే అంటుకుని ఉంటాయని దానికేం తెలుసు. బ్రేక్‌ఇటరేటర్ వాడి అక్షరాలు లెక్కపెట్టా, పూర్తిగా కాదు గానీ చాలావరకు సర్దుకుంది.

అసలు సంగతి ఇంకోటి. ఇంకా ఎన్ని రోజులకి సరిపోతాయి అనే లెక్క దగ్గర నాకు ఓపిక లేక ఏఐని అడిగేశా. రెండు తేదీల మధ్య తేడా ఇచ్చే పీరియడ్ డాట్ బిట్వీన్ పెట్టి దాని మీద గెట్‌డేస్ పిలవమంది, చూడడానికి చక్కగా ఉంది, పెట్టేశా. కొన్ని మందులకి కరెక్ట్‌గా వస్తోంది. ఒక మందుకి మాత్రం 14 రోజులు అని చూపిస్తోంది, నా నోట్‌బుక్‌లో 45 అని ఉంది. నోట్‌బుక్ లెక్కే తప్పేమో అని మాత్రలు ఒక్కొక్కటి లెక్కపెట్టా, 45 ఉన్నాయి. మార్చి 1 నుంచి ఏప్రిల్ 15 వరకు, వేళ్ళ మీద లెక్కపెట్టినా 45 రోజులే. మరి ఈ 14 ఎక్కడ్నుంచి వచ్చింది? రాత్రి పదకొండున్నర దాకా అదే పని. చివరికి గెట్‌డేస్ బదులు ఆ పీరియడ్ మొత్తాన్నీ ప్రింట్ చేశా. ఒక నెల, 14 రోజులు అని వచ్చింది!

అంటే గెట్‌డేస్ మొత్తం రోజులు ఇవ్వదు, నెలలు తీసేయగా మిగిలిన రోజులు మాత్రమే ఇస్తుంది. నెల లోపల అయిపోయే మందులకి రెండూ ఒకటే కాబట్టి అవి కరెక్ట్‌గా వచ్చాయి. మొత్తం రోజులు కావాలంటే క్రోనోయూనిట్ డాట్ డేస్ డాట్ బిట్వీన్ అని డాక్యుమెంటేషన్‌లో చదివి మార్చా, 45 వచ్చింది. మా ఆయన్ని నిద్ర లేపి మరీ చూపించా. ఏఐ ఉండగా నువ్వెందుకు అన్నది ఆయనే కదా, నోట్‌బుక్, మాత్రల డబ్బా, స్క్రీన్ మూడూ పక్కపక్కన పెట్టి చెప్తే చాలాసేపు విని, ఇది పట్టుకోకపోతే అమ్మకి మందులు ఉన్నాయో లేవో తప్పు తెలిసేది కదా అన్నారు.

ఈ బగ్‌కి ఒక టెస్ట్ కూడా రాసిపెట్టా, మార్చి 1, ఏప్రిల్ 15, రావాల్సింది 45. పైథాన్ వచ్చే నెల మొదలెడతా, ఇదే ప్రోగ్రామ్‌ని అందులో మళ్ళీ రాస్తా.

కార్డుల_కట్ట

శభాష్ అమ్మా. ఆ టెస్టుల్లో ఫిబ్రవరి 29 దాటేది కూడా ఒకటి పెట్టండి. 2028 ఫిబ్రవరి 20 నుంచి మార్చి 5 వరకు. ముందు చేత్తో లెక్కేసి ఎంత రావాలో రాసుకుని, తర్వాత నడపండి.

మళ్ళీ_మొదలు

చేత్తో లెక్కేస్తే 14 వచ్చింది బాబాయిగారూ, ప్రోగ్రామ్ కూడా 14 అంది. 2027కి కూడా పెట్టా, అక్కడ 13. రెండూ పాస్. కమిట్ చేసేశా.